దుమ్ములో పుట్టిన కళ్లజోడు

సైకిల్ తొక్కేటప్పుడు పెట్టుకునే కళ్లజోడు చూపుకు చలువ కళ్లద్దాల్లాగే ఉంటుంది. పుట్టుక మాత్రం వేరు. చలువ కళ్లద్దాలు ఎండను కాచుకోవడానికి వచ్చినవి. సైకిల్ కళ్లజోడు దుమ్మును, ఎదురుగాలిని, చక్రాల కింద నుంచి ఎగిరిపడే రాతి పలుకులను తట్టుకోవడానికి వచ్చింది; ఎండ సంగతి దానికి తర్వాత తోడైంది. ఈ రెండు వంశాలూ 20వ శతాబ్దం చివరి పాదంలో గాని కలవలేదు. కొనేటప్పుడు ఏం చూసుకోవాలో ఆ రెండు కథలూ తెలిస్తేనే బాగా బోధపడుతుంది.

ఎండ వైపు కథ మంచులో మొదలవుతుంది. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు, వారి పూర్వులు వాల్రస్ దంతంతోనో, కారిబూ జింక కొమ్ముతోనో, సముద్రంలో కొట్టుకొచ్చిన చెక్కతోనో కళ్లకు అడ్డం కట్టుకునే పట్టీలు చెక్కుకున్నారు. వాటిలో అద్దం ఉండదు. ముఖం ఒంపుకు ఆనుకునేలా లోపలివైపు తొలిచి, కళ్ల ఎదుట సన్నని చీలిక మాత్రం వదులుతారు. మెరుపు రాకుండా లోపల మసి పూస్తారు. కొత్తగా పడిన మంచు తన మీద పడే అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. ఆ కిరణాలకు నల్లగుడ్డు పైపొర కమిలిపోయి, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల పాటు కళ్లు తెరవడమే కష్టమవుతుంది. ఆ వెలుగులో చాలా భాగాన్ని చీలిక ఆపేస్తుంది, చూపునూ కాస్త పదును చేస్తుంది. అద్దమే లేదు గనుక ఆవిరి పట్టే బాధా లేదు. ముఖానికి దగ్గరగా కూర్చోవడం, పక్కల నుంచి వెలుగు దూరనివ్వకపోవడం అనే ఆ రెండు గుణాలూ ఇప్పటి మంచి సైకిల్ కళ్లజోడుకూ కావలసినవే.

రంగు అద్దాలు చాలాకాలం ఎండ కోసం తయారైనవే కావు. 18వ శతాబ్దం మధ్యలో లండన్‌లో జేమ్స్ ఐస్కో చేసిన నీలి, ఆకుపచ్చ అద్దాలు చూపు హాయిగా ఉండటానికి ఉద్దేశించినవి. అతినీలలోహిత కిరణాలు ఉన్నాయన్న సంగతే 1801లో జర్మనీలో యోహాన్ రిట్టర్ కనిపెట్టేదాకా ఎవరికీ తెలియదు. కంటికి హాని చేసే కిరణాలను వేరుచేసి ఆపాలన్న ఆలోచన ఇంగ్లండ్‌లోని గాజు కొలుముల దగ్గర బలపడింది. ఏళ్ల తరబడి కరిగిన గాజును చూస్తూ పనిచేసేవారి కళ్లకు శుక్లాలు వస్తున్నాయని, విలియం క్రూక్స్ రకరకాల లోహాలను గాజులో కలిపి పరీక్షించాడు. సీరియం కలిపిన గాజు అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని 1913లో తేల్చాడు. ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1929లో శామ్ ఫాస్టర్ అమెరికాలోని అట్లాంటిక్ సిటీ సముద్రతీరంలో చవక చలువ కళ్లద్దాలు అమ్మకానికి పెట్టాడు. 1930లలో ఎడ్విన్ లాండ్ పోలరైజ్డ్ పొరతో అద్దాలు చేశాడు. విమాన చోదకుల కోసం రూపొందిన రేబాన్ అద్దాలు 1937లో బజారుకెక్కాయి.

ఈ కాలమంతా సైకిల్ పందెగాళ్ల అవస్థ వేరు. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ తొలి దశాబ్దాల్లో సాగింది ఎక్కువగా కంకర, మట్టి దారుల మీదే. ముందు పోయే కార్లు, పదుల కొద్దీ చక్రాలు లేపిన దుమ్ము వెనక ఉన్నవాడి కంట్లోనే పడేది. ఆనాటి ఫొటోల్లో పందెగాళ్ల టోపీల మీదో, మెడలోనో పెద్ద గాగుల్స్ కనిపిస్తాయి: గుండ్రటి అద్దాలు, కంటి చుట్టూ ఆనే అంచు, తల వెనక్కి పోయే సాగే పట్టీ. అవి పెట్టుకుంటే చెమటకు మసకబారేవి, తీస్తే దుమ్ము. 1924 టూర్‌లో పెలిసియే సోదరులు పందెం మధ్యలో మానేసి, కుతాన్స్ ఊళ్లోని ఒక కాఫీ కొట్లో కూర్చుని పాత్రికేయుడు ఆల్బేర్ లోంద్ర్‌కు తమ సంచుల్లోని మందులు చూపించారు. వాటిలో కళ్లలో వేసుకునే కొకైన్ కూడా ఉంది. అప్పటికి నలభై ఏళ్లుగా కంటి వైద్యులు మత్తుమందుగా వాడుతున్న పదార్థమది. రోజంతా దుమ్ములో తొక్కిన కళ్లు ఎంత మండితే దాన్ని జేబులో పెట్టుకు తిరుగుతారో ఊహించవచ్చు. సైకిల్ కళ్లజోడు అవసరాన్ని ఇంతకన్నా బలంగా చెప్పే సాక్ష్యం మరొకటి కనిపించదు.

దారులకు తారు పడిన కొద్దీ గాగుల్స్ మరుగున పడ్డాయి. పందెగాళ్లు మామూలు చలువ కళ్లద్దాలు పెట్టుకున్నారు, లేదా ఏమీ పెట్టుకోలేదు. సైటు ఉన్నవాళ్లకు ఇంటి కళ్లజోడే గతి. 1983, 1984లలో టూర్ గెలిచిన లొరాన్ ఫిన్యాన్ సన్నని ఫ్రేము కళ్లజోడుతోనే పందేలు తొక్కాడు, ప్రొఫెసర్ అనే ముద్దుపేరు కూడా తెచ్చుకున్నాడు. కానీ గాజు బరువు, పైగా పడితే పగులుతుంది.

ఆ చిక్కును విడదీసింది పాలీకార్బొనేట్. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఈ ప్లాస్టిక్‌ను తయారుచేశారు. గాజు బరువులో సగమే ఉంటుంది, దెబ్బకు ముక్కలైపోదు, అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా తనంతట తానే ఆపుతుంది. మెత్తదనం వల్ల త్వరగా గీతలు పడటం దాని లోపం. అందుకే పైన గట్టి పూత వేస్తారు.

రెండు వంశాలనూ కలిపినవాడు కాలిఫోర్నియాకు చెందిన జిమ్ జనార్డ్. 1975లో 300 డాలర్లతో ఓక్లీ సంస్థను మొదలుపెట్టి మోటారు సైకిల్ హ్యాండిల్ పట్లు చేశాడు. తడిస్తే జారే బదులు ఇంకా గట్టిగా పట్టే పదార్థం వాటి ప్రత్యేకత. 1980లో మోటారు సైకిల్ పందేల గాగుల్స్ తెచ్చాడు. 1984లో ఆ గాగుల్స్ లెన్సునే కాడలకు బిగించినట్టు ఐషేడ్స్ అనే మోడల్ చేశాడు. కనుబొమల నుంచి బుగ్గల దాకా ఒకే పెద్ద లెన్సు. కళ్లజోడులో జోడు పోయింది. 1986లో టూర్ గెలిచిన తొలి అమెరికన్ గ్రెగ్ లెమాండ్ ఆ రోజుల్లో వాటిని పెట్టుకోవడంతో పందెగాళ్లందరి చూపూ వాటి మీద పడింది. హ్యాండిల్ పట్ల నాటి పదార్థమే తర్వాత ముక్కు ప్యాడ్లకు, కాడల చివరలకు వచ్చింది. చెమట పట్టిన ముక్కు మీద కళ్లజోడు జారకపోవడం వెనక ఉన్న రహస్యం అదే.

ఇప్పుడు కొనేవారు మొదట చూడవలసింది రంగు కాదు. నలుపు వేరు, రక్షణ వేరు. అతినీలలోహిత కిరణాలను ఆపని చవక నల్లటి లెన్సు వెనక కంటిపాప పెద్దదవుతుంది, అద్దం లేనప్పటి కన్నా ఎక్కువ కిరణాలు లోపలికి పోయే ప్రమాదం ఉంటుంది. 400 నానోమీటర్ల దాకా ఆపుతుందని చెప్పే యూవీ400 గుర్తు తెల్లటి లెన్సుకూ ఉండవచ్చు. ముదురుతనాన్ని అంతర్జాతీయ ప్రమాణం 0 నుంచి 4 వరకు తరగతులుగా విడగొట్టింది. నడినెత్తి ఎండకు 8 నుంచి 18 శాతం వెలుగును పోనిచ్చే 3వ తరగతి చాలు. 4వ తరగతి బండి నడపడానికి పనికిరాదు, సైకిల్‌కూ వద్దు. తెల్లవారుజామున, పురుగులు లేచే మునిమాపు వేళ తెల్లటి లెన్సు మేలు. ఎండను బట్టి రంగు మారే ఫొటోక్రోమిక్ లెన్సులు సౌకర్యమే గాని, ముదురు రంగు విరగడానికి నిమిషాలు పడుతుంది. ఎండలోంచి నేరుగా సొరంగంలోకి దూరేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. పోలరైజ్డ్ లెన్సు రోడ్డు మీది మెరుపును తగ్గిస్తుంది. అయితే తడిని, నూనె మరకను పట్టిచ్చేది కూడా ఆ మెరుపే. పైగా హ్యాండిల్ మీది మీటరు తెర కొన్ని కోణాల్లో నల్లగా కనిపిస్తుంది.

కూర్చునే తీరు దుకాణంలోనే తేలిపోతుంది. నిటారుగా నిలబడి అద్దంలో చూసుకుంటే చాలదు. హెల్మెట్ పెట్టుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు నడుము వంచి, తలెత్తి ముందుకు చూడాలి. అప్పుడు ఫ్రేము పై అంచు దారికి అడ్డొస్తే అది ఎంత ఖరీదైనదైనా పనికిరాదు. రెప్పలు లెన్సుకు తగలకూడదు, బుగ్గకు అంచు ఆనకూడదు. గాలి తగిన మేరకు దూరాలి: మరీ దూరితే కన్నీళ్లు, అసలు దూరకపోతే ఆవిరి. సైటు ఉన్నవారికి బాగా ఒంపు తిరిగిన లెన్సులో నంబరు కుదరడం కష్టం. లోపల క్లిప్పుతో బిగించే చిన్న లెన్సులు వారికి దొరుకుతాయి. కాడలు హెల్మెట్ పట్టీల పైనుంచి పోవాలి, అప్పుడు పడ్డప్పుడు కళ్లజోడు ముఖానికి చిక్కుకోకుండా ఊడిపోతుంది.

ఇంటికొచ్చాక చొక్కా అంచుతో తుడవడం చాలామందికి అలవాటు. లెన్సు మీద ఆరిన దుమ్ము, చెమట ఉప్పు అప్పుడు ఉప్పుకాగితంలా పనిచేసి పూతను గీస్తాయి. ముందు నీళ్ల ధార కింద పట్టి, ఒక చుక్క సబ్బు వేసి వేలి కొసలతో రాసి, మళ్లీ కడిగి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో అద్దాలి.