గుర్రపు స్వారీ కొత్తగా నేర్చుకునేవారికి: ఇంగ్లీష్ పద్ధతా, వెస్టర్న్ పద్ధతా?

సూరత్ రింగ్ రోడ్డు జవుళి మార్కెట్లను నమ్ముకుని ఆ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గుర్రం ఎక్కువగా కనిపించేది పెళ్లి ఊరేగింపులోనే. వరుణ్ణి గుర్రంపై తీసుకువెళ్లే ‘వరఘోడో’ గుజరాత్‌లో నేటికీ సజీవంగా ఉన్న ఆచారం. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి తరలివెళ్లిన ఈ కుటుంబాల పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. అటువంటి ఇంట్లో ఎవరికైనా స్వారీ నేర్చుకోవాలనే కోరిక కలిగితే, సలహా చెప్పగల పెద్దలు దొరకడం కష్టం. అంతర్జాలంలో వెతికితే ఇంగ్లీష్ పద్ధతా, వెస్టర్న్ పద్ధతా అన్న ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. అమెరికాలో అది సహజమైన ప్రశ్న. మన దేశంలో దాని అర్థం కొంత వేరు.

రెండు పద్ధతులకూ మూలం జీనులోనే ఉంది. ఇంగ్లీష్ జీను చిన్నది, తేలికైనది. సాధారణంగా 10 కిలోలకు మించదు. రౌతు రెండు చేతులతో పగ్గాలు పట్టి, కళ్ళెం ద్వారా గుర్రం నోటితో మెత్తని సంబంధం నిలుపుకుంటాడు. గుర్రం దుడుకు నడక అందుకున్నప్పుడు ఆ లయకు అనుగుణంగా జీనుపై లేస్తూ, కూర్చుంటూ సాగడం ఇందులో తొలి గట్టి పాఠం. తొడలు నొప్పిపెట్టేదీ ఇక్కడే. వెస్టర్న్ జీను మెక్సికో, అమెరికా పశువుల కాపరుల పనిముట్టు. లోతైన ఆసనం, పొడవైన రికాబులు, పట్టిన పశువు తాడును చుట్టడానికి ముందు భాగంలో ఒక కొమ్ము ఉంటాయి. బరువు 15 కిలోలకు అటూ ఇటూ, కొన్నింటిది అంతకు మించి. పగ్గాలు వదులుగా, ఒకే చేతిలో ఉంటాయి. పగ్గం మెడకు తగిలితే గుర్రం రెండో వైపు తిరుగుతుంది. అయితే అందుకు గుర్రం ముందే శిక్షణ పొంది ఉండాలి. వెస్టర్న్ శాలల్లోనూ కొత్తవారికి మొదట రెండు చేతులతో నేర్పడం మామూలే.

భారతదేశంలోని స్వారీ శాలల్లో దాదాపు అంతటా ఇంగ్లీష్ పద్ధతే నేర్పుతారు. కారణం అశ్విక దళాలు. సంస్థానాల అశ్విక బలాల నుంచి 1953లో ఏర్పడిన 61వ కావల్రీ నేటికీ జైపూర్‌లో గుర్రాలతో కొనసాగుతోంది. హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందే ఐపీఎస్ అధికారులకూ స్వారీ పాఠ్యాంశమే. పోటీల మార్గం కూడా అటే సాగుతుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఫవాద్ మీర్జా 23వ స్థానం పొందిన ఈవెంటింగ్, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు స్వర్ణం గెలిచిన డ్రెస్సాజ్ రెండూ ఇంగ్లీష్ జీనుపై సాగే అంశాలే. వెస్టర్న్ పోటీల్లో ప్రముఖమైన రెయినింగ్‌ను అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2000లో చేర్చుకుని, 2021లో తన జాబితా నుంచి తొలగించింది.

ఒంటిచేతి పగ్గం మాత్రం మనకు పరాయిది కాదు. కుడిచేత బల్లెం పట్టిన రౌతుకు పగ్గాలు ఎడమచేతే ఉండక తప్పదు. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు హైఫా పట్టణాన్ని పట్టుకున్నారు. హైదరాబాద్ లాన్సర్లు కూడా అదే బ్రిగేడ్‌కు చెందినవారు. నేటి పోలో ఆటగాడు సైతం ఇంగ్లీష్ తరహా జీనుపై కూర్చుని ఒక చేత్తోనే గుర్రాన్ని తిప్పుతాడు. కనుక ఇంగ్లీష్ పద్ధతిలో మొదలుపెట్టినవారికి ఒంటిచేతి విద్య మూసుకుపోయిన దారి కాదు. గుర్రపు గతులను అమరకోశం ఐదు ‘ధారలు’గా లెక్కించింది. మనుమంచి భట్టు తెలుగులో ‘హయలక్షణవిలాసము’ రచించాడు. ఇంత పరిచయం ఉన్న భాషలో ట్రాట్, కాంటర్ అన్న మాటలే నేడు మిగలడం కొంత విచారకరం.

సూరత్‌కు అవతల, ఖంభాత్ సింధుశాఖ ఆవలి ఒడ్డున సౌరాష్ట్ర ఉంది. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే కాఠియావాడీ గుర్రానికి అదే పుట్టిల్లు. ‘రేవాల్’ అనే సుఖమైన నడకకు అది పేరుపొందింది. ఇటువంటి దేశీ గుర్రాలు విదేశీ జాతుల కంటే చిన్నవి. రౌతు, జీను కలిసి గుర్రం బరువులో ఐదో వంతు మించరాదన్నది వాడుకలో ఉన్న లెక్క. 350 కిలోల గుర్రానికి అది 70 కిలోలు. 60 కిలోల మనిషి 15 కిలోల జీనుతో ఎక్కితే ఆ హద్దు దాటినట్టే. 7 కిలోల జీనుతో అయితే లోపలే ఉంటాడు. వెస్టర్న్ జీను బరువును వీపుపై ఎక్కువ మేర పరుస్తుందన్న మాట నిజమే అయినా, మొత్తం బరువు తగ్గదు.

లోతైన ఆసనం, కొమ్ము చూసి వెస్టర్న్ పద్ధతే భద్రమని తల్లిదండ్రులు భావించవచ్చు. కొత్తవారికి మొదట్లో అందులో నిలకడ తొందరగా కుదురుతుంది. కానీ కొమ్మును పట్టుకుని వేలాడే అలవాటు పడితే సమతౌల్యం ఆలస్యమవుతుంది. గుర్రం హఠాత్తుగా ఆగితే అదే కొమ్ము పొట్టకు తగలవచ్చు. పడిపోవడం కంటే పాదం రికాబులో చిక్కి గుర్రం ఈడ్చుకుపోవడం మరింత ప్రమాదకరం. ఏ జీను అయినా గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. చెప్పులతో గుర్రం ఎక్కించే చోట పిల్లల్ని చేర్పించకూడదు.

రుసుము చెల్లించే ముందు ఒక పాఠం ఊరికే చూడటానికి అనుమతి అడగాలి. గురువు కొత్తవారిని పొడవైన తాడుకు కట్టిన నెమ్మదైన గుర్రంపై వలయాకారంగా తిప్పుతున్నాడా, ఎక్కే ముందు పొట్ట కింది పట్టీ బిగువు చూస్తున్నాడా, గుర్రం వీపుపై పుండ్లు ఉన్నాయా అన్నవి కంటితోనే తెలిసిపోతాయి. ఇవి సరిగా ఉన్న శాలలో ఏ జీను ఉంటే దానితోనే మొదలుపెట్టవచ్చు.