జరమొచ్చిన రోజు కూలి ఎవరియ్యాలె?

వానలు పడంగనే మన భద్రాచలం ఏజెన్సీల జరాలు మొదలైతయి. ఇంటికొకరు మంచం పడ్తరు. గోలీలు సర్కారు దవాఖానల ఇస్తరు. పెద్ద రోగమైతే ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్‌ల దాన్ని 10 లక్షలకు పెంచిన్రు. కానీ ఆరోగ్యశ్రీ దవాఖాన బిల్లు కడ్తది, ఇంట్లకు బియ్యం తేదు. మంచంల ఉన్న పది రోజుల కూలి ఎవరియ్యాలె?

ఇరవై ఏండ్ల కింద నేను ఒక కాంట్రాక్టర్ దగ్గర పనిచేసేటప్పుడు మలేరియా వచ్చింది. పన్నెండు రోజులు పనికి పోలే. పదమూడో రోజు పోతే నా జాగల ఇంకొకరున్నరు. నెల నెలా జీతంల ఏదో కోస్తున్నరని తెలుసు, అది దేనికని ఒక్కపారి అడగలే. ఆ కోతే ఈఎస్ఐ. మీరట్ల ఉండొద్దని రాస్తున్న.

సింగరేణి పర్మనెంటు కార్మికుల లెక్క వేరు, వాళ్లకు కంపెనీ దవాఖానలున్నయి. ఇది సారపాక, పాల్వంచ, ఖమ్మం దిక్కు ఫ్యాక్టరీలల్ల, గ్రానైట్ యూనిట్లల్ల, షాపులల్ల కాంట్రాక్టు మీద చేసే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం.

1948 చట్టంతో మొదలైన ఈఎస్ఐ, పది మంది లేదా అంతకు మించి పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్నోళ్లకు వర్తిస్తది. జీతంల నుంచి 0.75 శాతం మీది, 3.25 శాతం యజమానిది. 12,000 జీతమైతే మీ వాటా 90 రూపాయలు, ఆయన వాటా 390. ఆయన వాటా గూడ మీ జీతంల కోసుడు నేరం. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమానే కట్టాలె.

ఇగ వచ్చేదేంది? ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపల 78 రోజులకు చందా కడితే, తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా జబ్బు భత్యం హక్కు. అక్టోబర్ నుంచి మార్చి చందాకు జులై నుంచి డిసెంబర్ దాకా. కొత్తగా చేరినోళ్లకు ఈ లెక్కల కొంచెం తేడా ఉంటది. ఏడాదికి 91 రోజుల దాకా కూలిల 70 శాతం ఇస్తరు. మొదటి రెండు రోజులకు రాదు. రోజు కూలి 400 అయి పది రోజులు పడుకుంటే, ఎనిమిది రోజులకు 280 చొప్పున 2,240 రూపాయలు. టీబీ అసొంటి 34 దీర్ఘ రోగాలకు, రెండేండ్ల సర్వీసు ఉన్నోళ్లకు, 80 శాతం లెక్కన రెండేండ్ల దాకా వస్తది. పనిల దెబ్బ తగిలితే 90 శాతం, దానికి 78 రోజుల షరతు లేదు.

జబ్బు భత్యం తీసుకునే రోజులల్ల పనిల నుంచి తీసేయొద్దని చట్టం చెప్తది. నాకు ఆనాడు ఈ ఒక్క ముచ్చట తెల్వలే.

చెయ్యాల్సింది మూడు పనులు. ఒకటి, మీ ఈఎస్ఐ నంబర్ ఇయ్యాలనే అడుగుండ్రి, చందా పడుతుందో లేదో ఫోన్‌ల చూసుకోండ్రి. రెండు, జరం రాంగనే ఈఎస్ఐ డాక్టర్‌కు చూపెట్టి సర్టిఫికెట్ తీసుకోండ్రి, ఊరి ఆర్‌ఎంపీ చీటీ చెల్లదు. మూడు, బ్యాంకు ఖాతా, ఆధార్ సరిగ్గ ఉన్నయా చూసుకోండ్రి, పైసలు ఖాతాలనే పడ్తయి.

ఇదంత రిజిస్టర్‌ల పేరున్నోని సంగతి. ఎండకాలం అడివిల తునికాకు కోసి, యాభై ఆకుల కట్టల లెక్కన పైసలు తీసుకునే మా అక్కల పేరు ఏ యజమాని రిజిస్టర్‌ల ఉంది? ఆమెకు జరమొస్తే కట్ట లేదు, కట్ట లేకపోతే పైస లేదు. పేరున్నోళ్లు ఉన్న హక్కును అడిగి తీసుకోవాలె. పేరు లేనోళ్లకు ఆ హక్కు తెచ్చేదాక అందరం కొట్లాడాలె.