ఎరువు తెచ్చుకున్న వెలుగు

భూపాలపల్లి ప్రాంతంలోని గణపురం కోటగుళ్లను నేను మొదటిసారి చూచినది ఉదయపు వేళ. కాకతీయుల కాలపు శిల్పసంపద అని ఎంతో విని వెళ్లినాను. తూర్పు గోడ ఎదుట నిలిచినాను. నా వెనుక నుండి లేత ఎండ సూటిగా గోడమీద పడుతున్నది. వెలుగుకు కొదవ లేదు. అయినా బొమ్మలన్నీ రాతిలో అణగిపోయినట్లు చదునుగా కనిపించినవి. నా నిరాశను గమనించిన వృద్ధుడొకడు, “పొద్దెక్కినంక చూడుండ్రి సారూ, బొమ్మలు లేస్తయి” అన్నాడు. రెండు జాములు గడిచి ఎండ గోడమీదుగా ఏటవాలుగా జారినప్పుడు ఆ బొమ్మలు నిజంగానే లేచి నిలిచినవి. రాయి మారలేదు. ఉలి పని మారలేదు. మారినది సూర్యుడున్న చోటు ఒక్కటే.

ఈ చిన్న ముచ్చటలో శాస్త్రచరిత్రలోని ఒక పెద్ద చిక్కు ఇమిడి ఉన్నది. నక్షత్రం తన దీపం తానే. హైదరాబాదు నిజామియా వేధశాలవారు ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణంలో పాల్గొని, గాజు పలకలమీద లక్షల నక్షత్రాల స్థానాలను, ప్రకాశాలను కొలిచినారు. ఆ కొలతలో దీపమెక్కడున్నదన్న ప్రశ్న లేదు. గ్రహాల సంగతి, చంద్రుని సంగతి వేరు. వాటి వెలుగు సూర్యుని వద్ద ఎరువు తెచ్చుకున్నది. చంద్రుని ఛాయాచిత్రంలో ఒకచోట నలుపు కనిపించినదనుకుందాము. అది నల్లని శిలయా? లేక సూర్యునికి పెడమొగమైన తెల్లని వాలా? ఈ రెంటినీ వేరుచేయనంతవరకు ఛాయాచిత్రం చక్కని బొమ్మే కాని సాక్ష్యం కాదు.

వేరుచేయుటకు మూడు కోణాలు తెలియవలెను. నేలకు నిలువుగా గీసిన రేఖకు సూర్యకిరణం ఎంత ఒరిగి వచ్చినదో తెలిపేది పతన కోణం. అదే రేఖకు మన చూపు ఎంత ఒరిగినదో తెలిపేది దర్శన కోణం. ఆ చోటు నుండి చూస్తే సూర్యునికీ చూపరికీ నడుమ ఎంత ఎడమున్నదో తెలిపేది కళాకోణం. చంద్రకళలు ఈ మూడవదాని వలన ఏర్పడినవే.

ఈ విచారణకు తొలి అడుగు వేసినవాడు గెలీలియో. ఆయన వాదమును గ్రహించుటకు జనగామ దాపున ఉన్న పెంబర్తికి వెళ్లితే చాలును. అక్కడి కళాకారులు మెరుగుపెట్టిన ఇత్తడి రేకును, దాని పక్కన ఒక మట్టికుండను ఎండలో ఉంచి చూడండి. ఇత్తడి ఒక్కచోటి నుండి చూస్తే కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. అడుగు పక్కకు జరిగితే మసకబారుతుంది. కుండ ఎటునుండి చూచినా ఒకే తీరుగా కనిపిస్తుంది. 1632లో ప్రకటించిన సంవాద గ్రంథంలో గెలీలియో ఎండ తగిలే గోడకు అద్దమును వేలాడదీసి ఈ భేదమునే చూపినాడు. చంద్రుడు అద్దమువలె నున్ననివాడైతే మనకు ఒక చిన్న చుక్క మాత్రమే మెరవవలెను. నిండుగా వెలుగుతున్నాడు కాబట్టి అతని నేల గరుకైనది.

గరుకునేల వెలుగును లెక్కకు ఎక్కించినవాడు లాంబర్ట్. 1760లో వెలువడిన తన కాంతిమాన గ్రంథంలో, కిరణం వాలినకొద్దీ వెలుగు పతన కోణపు కొసైనును బట్టి తగ్గునని ఆయన నిరూపించినాడు. అరవై డిగ్రీలు వాలితే వెలుగు సగమవుతుంది. అట్టి ఆదర్శమైన గరుకుతలం చూపరి ఎటు జరిగినా ఒకే ప్రకాశంతో ఉంటుంది. ఈ సూత్రం ప్రకారం చిత్రంలోని ప్రతి బిందువు ప్రకాశాన్ని ఆ కొసైనుతో భాగిస్తే ఎండ వాలు వలన వచ్చిన తేడా తొలగిపోవలెను.

కాని చంద్రుడు లాంబర్టుకు లొంగలేదు. ఆ సూత్రం ప్రకారం అర్ధచంద్రుని కాంతి పూర్ణచంద్రుని కాంతిలో సుమారు మూడోవంతు కావలెను. వాస్తవంగా అది పదోవంతుకు అటుయిటుగా మాత్రమే ఉన్నది. పున్నమినాడు బింబపు అంచులు మసకబారవలెను. అవి నడిమి భాగంతో ఇంచుమించు సమానంగా వెలుగుతున్నవి.

దీని మర్మం మానుకోట పొలాలలో కనిపిస్తుంది. మహబూబాబాదును అక్కడివారు మానుకోట అనుట శ్రోతలెరిగినదే. వరికోతలైన మడిగట్టున, ఉదయం సూర్యునికి వీపు పెట్టి నిలిచి, మీ నీడను చూచుకొనండి. తలనీడ చుట్టూ ఉన్న కొయ్యకాళ్లు తక్కినవాటికంటె తెల్లగా కనిపిస్తవి. అక్కడ ప్రతి కొయ్యకాలి నీడ దాని వెనుకనే దాగి మన కంటపడదు. పక్కలకు చూపు మళ్లితే నీడలు బయటపడి పొలం నల్లబడుతుంది. 1887లో జర్మన్ జ్యోతిశ్శాస్త్రవేత్త సీలిగర్ శనివలయాల విషయంలో ఈ కారణమునే చెప్పినాడు. శని సూర్యునికి సరిగా ఎదురైన రోజులలో వలయాలు మరింత వెలుగుటకు, వాటిలోని అసంఖ్యాకమైన శకలాల నీడలు మరుగుపడుటయే హేతువన్నాడు. పున్నమిచంద్రుని అదనపు వెలుగులోనూ ఈ నీడల దాగుడుమూతలు ముఖ్య భాగం వహిస్తున్నవి. నేను గోటగుళ్ల వద్ద ఆ ఉదయం మోసపోయినదీ ఇందువలననే.

1941లో డచ్చి శాస్త్రవేత్త మిన్నార్ట్ మరొక మెట్టు ఎక్కినాడు. సూర్యుడూ చూపరీ తమ స్థానాలు మార్చుకున్నా లెక్క చెల్లవలెనన్న నియమమును పట్టుకొని, నేల స్వభావమును బట్టి మార్చుకొనదగిన ఒక అంకెను సూత్రంలో చేర్చినాడు. ఆ అంకె ఒకటైతే లాంబర్టు సూత్రమే వస్తుంది. పున్నమిచంద్రునికి అది అరకు చేరువగా ఉంటుంది. తరువాత అమెరికాలో బ్రూస్ హాప్కే 1963లోను, మరింత విపులంగా 1981లోను, ధూళిరేణువుల మధ్య వెలుగు ఎట్లు చిక్కి, చెదరి, బయటపడునో గణించినాడు. చంద్రుని నేల గుల్లబారిన మెత్తని ధూళి అని ఆ కాంతి లెక్కలు సూచించినవి. 1969లో అక్కడ మానవుడు పెట్టిన అడుగు ఆ ధూళిలోనే ముద్ర వేసినది.

ఈ లెక్కల అక్కర మన ఇంటిముంగిటికి కూడ వచ్చినది. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-1లోని భూతల చిత్రణ కెమేరా ఒకే నేలను ముందు, నిట్టనిలువు, వెనుక అను మూడు చూపులతో చిత్రించినది. వేర్వేరు దినాలలో, వేర్వేరు ఎండలలో తీసిన చిత్రాలను అతుకు కనబడకుండ కలుపవలెనంటే మూడు కోణాల దిద్దుబాటు తప్పదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినది సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద. అక్కడ సూర్యుడు ఎంత ఎక్కినా దిగంతానికి ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీలు దాటడు. ఎండ ఇరవై డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు మీటరు ఎత్తు బండకు రెండు మీటర్ల డెబ్బైఅయిదు సెంటీమీటర్ల నీడ పడుతుంది. నీడ ఏది, గుంట ఏది, బండ ఏది అని ఎరుగక అట్టి చోట నౌకను దింపుట సాహసం.

ఆకాశమునే కాదు, అడవినీ ఇట్లే చూడవలెను. 1974లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ దూరసంవేదన సంస్థ నేడు జాతీయ దూరసంవేదన కేంద్రంగా పనిచేస్తున్నది. భూమిని చిత్రించే ఉపగ్రహాలలో అనేకం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటిపోతవి. చలికాలంలో అప్పుడు సూర్యుడు ఆగ్నేయ దిశలో ఉంటాడు. భూపాలపల్లి గుట్టల అడవిలో ఎండకెదురైన వాలు తెల్లగాను, వాయవ్యపు వాలు నల్లగాను పడుతవి. చెట్లు రెండు వైపులా ఒకటే. దిద్దుబాటు లేకుండ చదివినవాడు ఒకే అడవిని రెండడవులుగా లెక్కవేయగలడు. ఉన్న అడవిని పలుచబడినదనగలడు, పలుచబడినదానిని గుర్తింపకపోనూగలడు.

అయితే దిద్దుబాటుకూ హద్దున్నది. ఎండ ఎనభై డిగ్రీలు వాలినచోట ప్రకాశాన్ని దాదాపు ఆరురెట్లు పెంచి చెప్పవలెను. దానితోపాటు కెమేరా చేసిన తప్పు కూడ ఆరురెట్లవుతుంది. వెలుగే పడని గాఢమైన నీడలో ఏమున్నదో ఏ సూత్రమూ చెప్పలేదు. అక్కడ చేయదగినది గోటగుళ్ల వద్ద ఆ వృద్ధుడు నాకు చెప్పినదే: పొద్దెక్కినంక మళ్లీ చూడవలెను.