ఘర్షణా, రాపిడా, పట్టా?

పత్రికలో ‘ఘర్షణ’ కనిపిస్తే రెండు వర్గాలు కొట్టుకున్నాయని అర్థం. సినిమా పేరుగా కనిపించినా తోచేది కొట్లాటే. అదే మాట ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో వాలు తలం మీద పెట్టిన దిమ్మె అడుగున చేరుతుంది. పేపర్లో చదివిన అర్థం అప్పుడు విద్యార్థి బుర్రలోంచి ఎక్కడికీ పోదు. లెక్క తప్పడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

సంస్కృతంలో ఘృష్ ధాతువుకు రుద్దడం, అరగదీయడం అని అర్థం. గంధపు చెక్కను సాన మీద అరగదీస్తే అది ఘర్షణం. హిందీలో ‘ఘిస్‌నా’ ఆ ధాతువు నుంచి వచ్చిందే. ముందు ‘సం’ చేరి సంఘర్షం అయ్యేసరికి సంస్కృతంలోనే స్పర్ధ, పోటీ అనే అర్థాలు వచ్చాయి. తెలుగులో ఉపసర్గ లేకుండానే ఆ పోరు అర్థం ఘర్షణకు అంటుకుంది. మనకు సొంతంగా రాపిడి ఉంది, ఒరిపిడి ఉంది. నది గట్టును ఒరుసుకుని పారుతుంది, చెప్పు మడమను రాసుకుంటుంది. రాపిడి, తాకిడి, ఒత్తిడి ఒక్క అచ్చులో పోసిన మాటలు. పాఠ్యపుస్తకం మాత్రం రాపిడిని కాదని ఘర్షణను, ఒత్తిడిని కాదని పీడనాన్ని ఎంచుకుంది. రెండూ మనుషుల మధ్య చెడిన సంబంధాలకూ వాడే మాటలే కావడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది.

సంస్కృత పదం వాడారని నా ఫిర్యాదు కాదు. చిక్కంతా ఆ పోరు అర్థంతోనే: పోరు అనగానే ఎదిరించడం గుర్తొస్తుంది. ‘ఘర్షణ చలనాన్ని ఎదిరిస్తుంది’ అని ఒక్క వాక్యం బట్టీపట్టిన విద్యార్థి ప్రతి బొమ్మలోనూ బాణం గుర్తును చలనానికి ఎదురుగా గీస్తాడు. ఆ బలం ఎంత అని అడిగితే, ఘర్షణ గుణకాన్ని అభిలంబ బలంతో, అంటే తలం వస్తువును తనకు లంబంగా నెట్టే బలంతో, హెచ్చవేసి రాసేస్తాడు.

ఒక లెక్క చూద్దాం. 20 డిగ్రీల వాలు మీద 2 కిలోల దిమ్మె కదలకుండా ఉంది. స్థైతిక ఘర్షణ గుణకం 0.5. గురుత్వం దిమ్మెను వాలు వెంట కిందికి లాగే బలం సుమారు 6.7 న్యూటన్లు. గుణకాన్ని అభిలంబ బలంతో హెచ్చవేస్తే సుమారు 9.2 న్యూటన్లు వస్తుంది. ఘర్షణ బలం 9.2 అని రాసిన పిల్లవాడు తన జవాబును ఒకసారి నిదానంగా చదువుకోవాలి. కిందికి 6.7, పైకి 9.2 అయితే దిమ్మె తనంతట తాను వాలు ఎక్కాలి! అసలు జవాబు 6.7. ఆ 9.2 అన్నది హద్దు. అంతవరకు ఎంత అవసరమైతే అంత బలమే ఘర్షణ ఇస్తుంది.

అవసరమైనంతే బిగిసి, హద్దు దాటితే వదిలేసే ఈ గుణానికి తెలుగులో చక్కని మాట ఉంది: పట్టు. టైరు అరిగితే రోడ్డు మీద పట్టు ఉండదంటాం. కుస్తీలో పట్టు, చేతిలో పట్టు, మాటలో పట్టు. దానికి జోడుగా విడుపు. పట్టువిడుపులు అన్న జంటలో స్థైతిక ఘర్షణ, దాని సీమాంతం రెండూ ఇమిడిపోయాయి. జారడం మొదలయ్యాక మిగిలేదే రాపిడి. వేడి పుట్టించేది, అరగదీసేది అదే. 1785లో అచ్చయిన తన పరిశోధనలో ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ కూడా ఆగి ఉన్న తలాలను కదిలించే బలాన్ని, కదులుతున్న వాటిని సాగించే బలాన్ని విడివిడిగా కొలిచాడు. అంత తేడా ఉన్న రెండింటినీ మనం ఒకే ‘ఘర్షణ’ కింద పెట్టి, ముందు స్థైతిక, గతిక అనే విశేషణాలు తగిలించాం. పరీక్ష తొందరలో మొదట జారిపోయేవి విశేషణాలే.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చూడండి. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టిన మోకు మీద వెనక్కి వాలతాడు. అలా వాలినకొద్దీ మోకూ పాదాలూ మానును గట్టిగా అదుముతాయి. అభిలంబ బలం పెరిగి పట్టు హద్దూ పెరుగుతుంది. అతణ్ణి అంత ఎత్తున నిలిపే బలం పైకి పనిచేస్తోంది. అతను ఎక్కుతున్నదీ పైకే. ‘చలనానికి ఎదురు’ అన్న సూత్రం ఇక్కడ నిలవదు. నడకలోనూ అంతే, నేల పాదాన్ని ముందుకే నెడుతుంది. పాదం వెనక్కి జారబోతుంది కాబట్టి పట్టు ముందుకు పనిచేసి దాన్ని ఆపుతుంది. ఎదిరించేది జారడాన్ని.

మలుపులో ఇది ఇంకా స్పష్టం. సమతలంగా ఉన్న రోడ్డుపై 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు, గుణకం 0.5 అనుకుంటే కారు గంటకు సుమారు 56 కిలోమీటర్ల వేగం వరకు జారకుండా తిరుగుతుంది. వానకు తడిసి గుణకం 0.2కు పడితే ఆ హద్దు సుమారు 36కు దిగుతుంది. కారు బరువు ఎంతైనా లెక్కలో కొట్టివేయబడుతుంది. కారు ముందుకు పోతుంటే ఘర్షణ బలం పక్కకు, మలుపు కేంద్రం వైపు చూస్తుంది. విద్యార్థులు దీనికి తోడు ‘అభికేంద్ర బలం’ అని మరో బాణం గీస్తారు. ‘అభి’ అంటే వైపు. అది దిక్కును చెప్పే పేరు, కొత్త బలం పేరు కాదు. ఈ మలుపులో ఆ పని చేస్తున్నది టైరు పట్టే.

పుస్తకాల్లో ఘర్షణ ఉండనివ్వండి, ఇన్నేళ్లుగా పాతుకున్న మాటను పెకలించనక్కర్లేదు. పాఠం చెప్పే అయ్యవార్లకు నా మనవి ఒక్కటే: పిల్లలు సూత్రం రాయకముందు, జారుతోందా, జారబోతోందా, జారితే ఎటు అని అడగండి. జారుతుంటే రాపిడి అని, జారకుండా ఉంటే పట్టు అని బొమ్మ పక్కన తెలుగులో రాయించండి. ఆ తర్వాతే బాణం గీయనివ్వండి.