పరుల పొలమున వేట

పరుల పొలమున వేటాడదలచినవాడు ముందుగా ఆ పొలముగలవాని గుమ్మమున నిలిచి సెలవడుగవలెను. ఇంగ్లండు దేశమున నేడు చట్టమును, మర్యాదయు గూడ ఇట్లే విధించుచున్నవి. చూచుటకు ఇది చిన్న విషయము. కాని అడుగువాడెవడు, ఇచ్చువాడెవడు, కాదనుట కెవనికి అధికారము గలదు అను మూడు ప్రశ్నలు వేసికొన్నచో, ఆ దేశపు రైతు పడిన పాట్లన్నియు ఇందులో నిమిడియున్నట్లు తెలియగలదు.

ప్రాచీన రోమను ధర్మము ఈ విషయమున మిక్కిలి సరళముగా నుండెను. అడవి మృగము ఎవరి సొత్తును గాదు, పట్టినవానిదే యగును. అయినను పరుని నేలలో వేటకై ప్రవేశించువానిని ఆ నేల యజమాని వారింపవచ్చును. క్రీ.శ. 533లో జస్టీనియను చక్రవర్తి ప్రకటించిన న్యాయగ్రంథమున ఈ రెండు సూత్రములును గలవు. మృగము అందరిది, నేల యొకనిది. ఇంతకంటె న్యాయమైన కట్టడి వేరొకటి యుండదని తోచును.

ఇంగ్లండునందు ఈ ధర్మము తలక్రిందులయ్యెను. 1066 తరువాత నార్మను రాజులు విశాలమైన ప్రదేశములను తమ వేటకై ప్రత్యేకించిరి. పరుల పొలములును, గ్రామములును గూడ ఆ హద్దులలో జేరెను. రాజుగారి జింకను చంపినవానికి ప్రాణహాని గాని అంగచ్ఛేదము గాని కూడదని 1217 నాటి వన శాసనమున ప్రత్యేకముగా వ్రాయవలసివచ్చెననగా, అంతకు ముందటి స్థితి యెట్లుండెనో చదువరులే యూహింపవచ్చును.

రాజుల వెనుక భూస్వాములు వచ్చిరి. 1671లో పార్లమెంటు చేసిన వేట చట్టము ప్రకారము, సాలునకు 100 పౌనుల ఆదాయమిచ్చు సొంత భూమి గలవాడు మొదలగు కొందరు గొప్పవారే కుందేలును గాని కౌజుపిట్టను గాని వేటాడవలెను. ఆ కాలమున గ్రామసీమలలో పార్లమెంటు సభ్యుని ఎన్నుకొనుటకు రెండు పౌనుల ఆదాయము చాలియుండెను. అనగా దేశమును పాలించువానిని ఎన్నుకొనుటకంటె ఒక పక్షిని కొట్టుటకు ఏబది రెట్లు ఆస్తి కావలసివచ్చెను! తన సొంత చేనిలో, తన పైరునే మేయుచున్న కుందేలును చిన్న రైతు చంపినచో నేరమాయెను. అర్హత లేనివారి యిండ్లు సోదా చేయించి తుపాకులను, వలలను, వేటకుక్కలను లాగుకొనుటకు జమీందారుల వేటకావలివాండ్రకు అధికార మియ్యబడెను. 1723 నాటి మరియొక చట్టము ఇంకను క్రూరమైనది. ముఖమునకు మసి పూసికొని ఆయుధముతో జింకల వనమున తిరిగినవానికి మరణదండన విధింపవచ్చునని అది శాసించెను. ఆ శిక్ష నూరేండ్లు నిలిచెను.

1789 ఆగష్టు నెలలో ఫ్రెంచి జాతీయసభ ప్రభువుల వేట హక్కును రద్దు చేసి, తన భూమిలో వేటాడుకొను హక్కు ప్రతి యజమానికిని గలదని ప్రకటించెను. మరుసటి యేడే, పరుల భూమిలో వారి సమ్మతి లేక వేటాడరాదని చట్టము చేసెను. ఈ రెండును ఒకే నాణెమునకు రెండు ముఖములు. ప్రభువు యొక్క హక్కు పోయినగాని రైతు యొక్క అనుమతికి అర్థము కలుగలేదు.

ఇంగ్లండునందు ఆస్తి నియమము 1831లో తొలగెను. పగటివేళ అనుమతి లేక వేటకై పరుల నేల త్రొక్కినవానికి రెండు పౌనుల వరకు జరిమానా యేర్పడెను. అయినను ఇందొక మెలిక యుండెను. కౌలుపత్రములో వేట హక్కును భూస్వామి తనకే యుంచుకొనవచ్చును. అట్లుంచుకొన్నచోట దున్నువాడు కౌలుదారు, కాదనగలవాడు మాత్రము దొర. కుందేళ్లు పైరును తినివేయుచుండగా రైతు చేతులు కట్టుకొని చూడవలసినదే. 1880లో గ్లాడ్‌స్టను ప్రభుత్వము చేసిన చట్టము ఈ యన్యాయమును కొంత సరిదిద్దెను. తాను సాగుచేయు నేలలో పెద్దకుందేళ్లను, చెవులపిల్లులను చంపు హక్కు కౌలుదారునకు లభించెను. ఏ పత్రము వ్రాసికొన్నను దానిని వదలుకొనుటకు వీలులేకుండ చేయుటయే ఆ చట్టములోని వివేకము. దుర్బలునిచే సంతకము చేయించుట సులభమని శాసనకర్తలకు దెలియును.

ఇంతవరకు జెప్పినదానిని బట్టి, అనుమతి నియమము ఎల్లప్పుడును రైతు పక్షముననే యుండునని తలపరాదు. అమెరికా దక్షిణ రాష్ట్రముల చరిత్ర దీనికి మారుసాక్ష్యము చెప్పుచున్నది. కంచె లేని పరుల నేలలో వేటాడుట జనుల హక్కని దక్షిణ కరోలినా న్యాయస్థానము 1818లో తీర్పు చెప్పియుండెను. 1865లో దాస్యము తొలగిన పిమ్మట, విముక్తులైన నీగ్రోలు వేటచే, చేపలచే కొంత పొట్ట పోసికొనసాగిరి. అట్లు బ్రతుకగలవాడు దొర చెప్పిన కూలికి దొర చేనికి రాడుగదా! ఆ కొలది యేండ్లలోనే పలు రాష్ట్రములవారు, యజమాని సెలవు లేక పరుల నేలలో వేటాడరాదని శాసించిరి. మాటలు ఇంగ్లండు చట్టపు మాటలే. ఫలము మాత్రము వేరు. అచ్చట అది పైరును కాచెను, ఇచ్చట ఆకలిని కాపలా పెట్టెను.

కావున ఏ చట్టమునైనను దాని యక్షరములను బట్టిగాక, అది యెవని చేతి కందినదో దానిని బట్టి తూచవలెను. వినోదమునకై వచ్చు బలవంతుని, దున్నువాడు తన గట్టున నిలిపి 'వలదు' అనగలిగినచో ఆ యనుమతి రక్ష. ఆకొన్నవాడు, తన కూలికై పొంచియున్న యజమాని నడుగవలసివచ్చినచో ఆ యనుమతియే సంకెల.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వినోదపు వేటకు కాలము చెల్లజేసినది. అయినను పరుని పొలమున కాలుపెట్టు ప్రసంగములు మనకును అనేకములు గలవు. దారికై, నీటికై, గనికై, కర్మాగారమునకై అడుగువారు వచ్చుచునే యున్నారు. అడుగుట మర్యాదయే. కాని కాదనుటకు శక్తిలేనివాని నడుగుట అడుగుట కానేరదు.