అరచేతి చక్రం: రేసు టైరు పుట్టుపూర్వోత్తరాలు

బొమ్మ కారుకు ఏ చక్రమైతేనేం అనుకునేవారు ముందుగా ఒక చిన్న లెక్క చూడాలి. రేడియో రిమోట్‌తో నడిచే పదో వంతు సైజు టూరింగ్ కారు (మామూలు రోడ్డు కారు బాడీ వేసుకున్న రేసు కారు) టైరు వ్యాసం సుమారు 63 మిల్లీమీటర్లు. అది ఒక చుట్టు తిరిగితే కారు 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ దూరం వెళుతుంది. రేసుల్లో ఈ కార్లు గంటకు 72 కిలోమీటర్ల వేగాన్ని తేలిగ్గానే అందుకుంటాయి. ఆ వేగం దగ్గర చక్రం సెకనుకు నూరుసార్లు, అంటే నిమిషానికి ఆరు వేలసార్లు తిరుగుతుంది. అప్పుడు టైరు పైపొరలోని రబ్బరును బయటికి లాగే బలం ఆ రబ్బరు బరువుకు దాదాపు 1300 రెట్లు ఉంటుంది. అదే వేగంతో పోయే అసలు కారు టైరు మీద పడేది 130 రెట్లే. చక్రం ఎంత చిన్నదైతే ఈ లాగుడు అంత ఎక్కువ. గాలి నింపని, అరచేతిలో ఇమిడే ఆ రబ్బరు కట్టు దీన్ని తట్టుకోవాలి, మలుపులో జారకుండా నేలను పట్టుకోవాలి, అయిదు నిమిషాల రేసు పొడవునా ఒకేలా ప్రవర్తించాలి. ఈ మూడింటినీ ఒకే టైరులో ఇమడ్చడానికి తయారీదార్లకూ రేసర్లకూ దశాబ్దాలు పట్టింది.

రేడియో కార్ల కథ ఇటలీలో మొదలైంది. రెజియో ఎమీలియా పట్టణానికి చెందిన ఎల్-జి కంపెనీ 1966లో ఫెరారీ 250 ఎల్‌ఎం కారును పన్నెండో వంతు సైజులో చేసి అమ్మకానికి పెట్టింది. బజారుకొచ్చిన తొలి రేడియో కారు అదేనంటారు. మరుసటి ఏడాది అమెరికాలో ఈ పందేలకు నియమాలు రాసే రోర్ సంస్థ పుట్టింది. ఆనాటి పందేల్లో ఎనిమిదో వంతు సైజు కార్లదే రాజ్యం. నైట్రో ఇంధనంతో నడిచే ఇంజన్లు, వాటికింద స్పాంజి టైర్లు. స్పాంజిని గుండ్రంగా కోసి, రిమ్ముకు జిగురుతో అతికించి, లేత్ లాంటి చిన్న యంత్రం మీద తిప్పుతూ కావలసిన వ్యాసానికి చెక్కుకునేవారు.

స్పాంజికి ఆ ఆదరణ ఊరికే రాలేదు. లోపలంతా ఒకటే పదార్థం కాబట్టి వేగానికి ఉబ్బదు. మెత్తదనాన్ని నచ్చినట్టు ఎంచుకోవచ్చు. చిన్న వర్క్‌షాపులో కూడా తయారుచేసుకోవచ్చు. 1970ల చివర్లో కాలిఫోర్నియాలోని అసోసియేటెడ్ కంపెనీ ఆర్‌సి12ఇ వంటి పన్నెండో వంతు ఎలక్ట్రిక్ కార్లను తెచ్చాక స్పాంజి ఇంటి లోపలికీ వచ్చింది. మంచు కురిసే దేశాల్లో చలికాలమంతా హాళ్లలో కార్పెట్ పరిచి పందేలు నడిపేవారు. కార్పెట్ పీచును స్పాంజి గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు ఇంకా పెరగడానికి టైర్లకు రకరకాల ద్రవాలు పూసేవారు. వాటిలో కొన్నింటికి వింటర్‌గ్రీన్ నూనె కలిసేది. మన ఇళ్లలో ఒళ్లు నొప్పులకు రాసుకునే బామ్‌లలాగే హాలంతా ఘాటుగా వాసన వేసేది. ఆ వాసన భరించలేకే తర్వాత చాలా క్లబ్బులు అలాంటి ద్రవాలను నిషేధించి, వాసన లేనివాటికే అనుమతి ఇచ్చాయి.

ఈలోగా జపాన్‌లో మరో దారి తెరుచుకుంది. షిజుఓకా నగరంలోని టామియా కంపెనీ అప్పటిదాకా అతికించి పెట్టుకునే ప్లాస్టిక్ నమూనాలకు పేరుపడింది. షున్‌సాకు టామియా పోర్షె కారు నమూనా కోసం ఏకంగా అసలు పోర్షె 911 కొని, విప్పదీసి, కొలతలు తీయించారు. ఆ శ్రద్ధలోంచి వచ్చిన పోర్షె 934 నమూనాయే 1976లో మోటారు, రేడియో అమర్చుకుని టామియా తొలి రేడియో కారుగా మారింది. మొదటి ఏడాదే లక్షకు పైగా అమ్ముడుపోయిందని చెబుతారు. టామియా దృష్టిలో చక్రం ముందుగా చూడ్డానికి అసలు కారు చక్రంలా ఉండాలి. స్పాంజి రేసర్ల దృష్టిలో చక్రం ఎలా ఉన్నా సరే, పట్టు ఇవ్వాలి. టూరింగ్ కారు టైరు చరిత్రంతా ఈ రెండు చూపుల మధ్య సాగిన పెనుగులాటే.

టూరింగ్ కారు మాత్రం మట్టిలోంచి పుట్టింది. 1990లో టామియా మాంటా రే అనే, మట్టి మీద పరుగెత్తే నాలుగు చక్రాల డ్రైవ్ బగ్గీని తెచ్చింది. దాని అడుగుభాగాన్ని తీసుకుని, నేలకు దగ్గరగా దించి, పైన సెడాన్ బాడీ వేసి, కింద తారు రోడ్డు టైర్లు తొడిగి 90ల మొదట్లో టీఏ01 చేసింది. రోడ్డు మీద కనిపించే కార్ల బాడీలు, ఒక పెట్టెలో వచ్చేసే కిట్, ఆదివారం ఖాళీగా పడుండే పార్కింగ్ స్థలం చాలు, పందెం నడపొచ్చు. స్పాంజికి కార్పెట్ గానీ శుభ్రమైన నేల గానీ కావాలి. ఇసుక రాలిన తారు మీద అది త్వరగా చిరుగుతుంది. రబ్బరుకు ఆ పట్టింపు లేదు. అందుకే టూరింగ్ కార్ల తరగతి మొదటినుంచీ రబ్బరు టైరుతోనే పెరిగింది. పెట్టెలో వచ్చిన టైరుతోనే పందెం నెగ్గగలిగిన రోజులు అవి, ఎక్కువ కాలం సాగలేదు.

అమెరికాలో హెచ్‌పీఐ కంపెనీ టామియా కార్లకు మెరుగైన విడిభాగాలు చేస్తూ ఎదిగింది. 90ల నడుమ సొంత ఆర్‌ఎస్4 కారుతో ముందుకొచ్చింది. దాని గీతల టైర్లూ, ఊచల రిమ్ములూ క్లబ్బు క్లబ్బునా కనిపించేవి. ఈ కాలంలోనే కొలతలు ఒక తీరుకు వచ్చాయి. ఇరుసు చివర చక్రం కూర్చునే ఆరు పలకల బిళ్ల 12 మిల్లీమీటర్లు. రిమ్ము వెడల్పు రెండు రకాలు, 24, 26 మిల్లీమీటర్లు. వీటిలో సన్నదైన 24 రేసు ప్రమాణంగా నిలిచింది. వెడల్పు ఎక్కువైతే పట్టు పెరగాలి కదా అనిపిస్తుంది. కానీ ఈ కార్లు కిలో మూడు వందల నుంచి కిలోన్నర బరువుండేవి. అంటే ఒక్కో టైరు మీద పడేది నాలుగు వందల గ్రాములకు లోపే. అంత తక్కువ బరువుకు వెడల్పాటి టైరు త్వరగా వేడెక్కదు, పైగా తిప్పడానికి బరువు. సన్న టైరు చురుగ్గా మలుపు తిరుగుతుంది. ఇక ఆఫ్‌సెట్ అని ఇంకో కొలత ఉంది. రిమ్ము ఇరుసు నుంచి ఎంత బయటికి వస్తుందో అది చెబుతుంది. సున్నా, 3, 6 మిల్లీమీటర్లు ఇలా దొరుకుతాయి. సున్నా కావలసిన చోట 6 బిగిస్తే చక్రం బాడీ అంచును రాసుకుంటుంది. టూరింగ్ కారు మొత్తం వెడల్పు 190 మిల్లీమీటర్లకు కట్టుబడాలి కాబట్టి ఇది రేసుకు ముందు తనిఖీలో బయటపడే సంగతి.

రిమ్ము ఆకారం దగ్గర అందం ఓడిపోయింది. ఊచల రిమ్ములు గోడకు గుద్దుకుంటే విరిగేవి, మలుపులో వంగేవి. పళ్లెంలా మూసుకుపోయిన డిష్ రిమ్ములు గట్టివి, నాలుగూ ఒకేలా ప్రవర్తిస్తాయి, గాలిని కూడా తక్కువ కెలుకుతాయి. 2000ల నాటికి పందెపు గీత మీద నిలబడ్డ కార్లలో చాలావాటికి తెల్లటి పళ్లేలే. టామియా మొదట కలగన్న అసలు చక్రపు పోలిక పెద్ద రేసుల్లో కనుమరుగైంది. చూడముచ్చటైన ఆ ఊచలు పోవడం లోటే అయినా, నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగే వస్తువుకు అది తప్పని మార్పు.

అసలు మర్మం టైరు లోపల ఉంది. ఇందులో గాలి కొట్టరు. రిమ్ముకో టైరుకో చిన్న రంధ్రం పెట్టి ఉన్న గాలిని కూడా బయటికి పోనిస్తారు. బరువును మోసేది లోపల పెట్టే స్పాంజి చుట్ట, ఇన్‌సర్ట్. అది మెత్తగా ఉంటే టైరు నేలకు బాగా అంటుకుంటుంది, పట్టు తక్కువున్న ట్రాక్‌కు మేలు. గట్టిగా ఉంటే టైరు ఆకారం చెదరదు, పట్టు ఎక్కువున్నచోట కారు మాట వింటుంది. మొదట్లో చెప్పిన 1300 రెట్ల లాగుడుకు టైరు నడుమ ఉబ్బి పైకి లేవకుండా లోపలి వైపు బట్ట పట్టీ అతికించిన బెల్టెడ్ టైర్లు వచ్చాయి. టైరును రిమ్ముకు సూపర్ గ్లూతో చుట్టూ అతికించాలి. వేలెడంత చోటు వదిలేసినా మొదటి మలుపులోనే టైరు ఊడి చేతికొస్తుంది.

ఇక ఎంపికలు చూడండి. రబ్బరు మెత్తదనంలో అరడజను రకాలు, ఇన్‌సర్ట్‌లలో మరో అరడజను, గీతలున్నవి, లేనివి, రిమ్ము గట్టిదనంలో తేడాలు. ఇవన్నీ కలిపితే వందల కలయికలు. టేకాఫ్ కంపెనీ సీఎస్27 లాంటి టైరు ఒకటి పేరు తెచ్చుకుంటే, ఏ ఇన్‌సర్ట్‌తో అది బాగా పనిచేస్తుందో కనిపెట్టడానికి రేసర్లు పెట్టెలకొద్దీ కొని ప్రయోగాలు చేసేవారు. డబ్బున్నవాడికి, కంపెనీ వెనకున్నవాడికి అది సాధ్యం. కాలేజీ కుర్రాడికి కాదు.

అమెరికాలో కార్పెట్ ట్రాకుల వాళ్లు 2000ల మొదటి సగంలో టూరింగ్ కారుకు స్పాంజి తొడిగారు. జాకో వంటి కంపెనీల గులాబీ, ఊదా, నారింజ రంగుల టైర్లు రంగును బట్టి మెత్తదనం చెప్పేవి. పట్టు అద్భుతం, కార్లు మరింత వేగం. కానీ స్పాంజి అరుగుతుంది, అరిగితే గేరు లెక్క మారిపోతుంది. 60 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టుకు 188 మిల్లీమీటర్లు పోతే, 57కి అరిగాక పోయేది 179 మాత్రమే. అంటే ప్రతి రేసుకూ టైరు కొలవాలి, మోటారు చివర ఉండే చిన్న గేరు, పినియన్ మార్చాలి. నాలుగు చక్రాలూ సమానంగా ఉండాలంటే మళ్లీ లేత్ మీద చెక్కాలి. గోడకు తగిలితే ముక్క లేచిపోతుంది. దశాబ్దం ముగిసేలోపు ఎలక్ట్రిక్ టూరింగ్ కార్లు అమెరికాలో కూడా చాలావరకు రబ్బరుకు తిరిగొచ్చాయి. నైట్రో ఇంధనపు 200 మిల్లీమీటర్ల వెడల్పు కార్లు మాత్రం స్పాంజిని వదల్లేదు. ముందు 26, వెనక 30 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లతో అవి ఆ సంప్రదాయాన్ని నిలబెట్టుకున్నాయి.

రబ్బరుకు తిరిగి రావడంతోనే ఖర్చు తగ్గిపోలేదు. దాన్ని తగ్గించింది కంట్రోల్ టైరు నియమం. ఒక పందేనికి ఒకే కంపెనీ, ఒకే రబ్బరు, ఒకే ఇన్‌సర్ట్, కర్మాగారంలోనే రిమ్ముకు అతికించి వచ్చిన టైరు. పెద్ద పోటీల్లో నిర్వాహకులే వాటిని అందజేసి, గుర్తు వేసి, ఎన్ని జతలు వాడాలో కూడా పరిమితి పెడతారు. ఎంపికను రేసరు చేతిలోంచి తీసేయడం అన్యాయమని అప్పట్లో అన్నవాళ్లున్నారు. కానీ ఆ నియమం లేకపోతే ఈ క్రీడ కొద్దిమంది కంపెనీ డ్రైవర్ల ప్రదర్శనగా మిగిలిపోయేది. ఆ నియమం మేలు చేసిందనడానికి మంచి రుజువు అమెరికాలోని వింటేజ్ ట్రాన్స్-ఆమ్ తరగతి. 1960, 70ల నాటి అమెరికన్ కార్ల బాడీలు, నెమ్మది మోటారు, ముందు 26, వెనక 31 మిల్లీమీటర్ల గీతల హెచ్‌పీఐ టైర్లు, వాటికి ఊచల రిమ్ములు. గట్టి రబ్బరు కాబట్టి ఒక జత నెలల తరబడి వచ్చేది. పట్టు తక్కువ కాబట్టి గెలుపు నడిపేవాడి చేతిలోనే ఉండేది. ఆ తరగతికి తర్వాత ప్రోటోఫార్మ్ కూడా టైర్లు చేసింది.

టైరు ఒకటే అయినప్పుడు తేడా తయారీలో వస్తుంది. మొదటిది సమతూకం. రిమ్ము అంచున ఒక గ్రాము అటూ ఇటూ ఉంటే నిమిషానికి ఆరు వేల చుట్ల దగ్గర అది దాదాపు కిలో బరువంత బలంతో ఇరుసును గుంజుతుంది. కారు మొత్తం బరువే కిలోన్నర లోపు. అందుకే లోపలివైపు చిన్న మైనపు ముద్ద అంటించి సరిచేస్తారు. రెండోది ముందు టైర్ల అంచు. పట్టు ఎక్కువున్న కార్పెట్ మీద కారు ఆ అంచును తన్నుకుని పల్టీ కొడుతుంది. అంచుకు సూపర్ గ్లూ పలచగా పూసి ఆరబెడితే ఆ భాగం నేలను పట్టదు, కారు పల్టీ కొట్టకుండా జారుకుని నిలబడుతుంది. మూడోది ద్రవం పూసే సమయం, టైరు వార్మర్‌తో వేడి చేసే సమయం. రెండు కార్లకు ఒకే టైరు ఉన్నా, ఒకటి తొలి చుట్టు నుంచే పరుగెత్తడం, ఇంకోటి మూడో చుట్టుకు గానీ దారికి రాకపోవడం ఇక్కడే తేలుతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ సరదా మొదలుపెట్టేవారు టైరు మీది అంకెను చూసి కొనాలి. సోరెక్స్ వంటి కంపెనీలు 28, 32, 36, 40 అని ముద్రిస్తాయి. చిన్న అంకె చల్లటి నేలకు, పెద్ద అంకె వేడి నేలకు. మన ఎండాకాలపు తారు మధ్యాహ్నం 50 డిగ్రీలు దాటుతుంది. అక్కడ 28 తొడిగితే రెండు నిమిషాలకే జిడ్డుగా జారుతుంది. 36తోనో 40తోనో మొదలుపెట్టండి. దానికన్నా ముందు, మీరు నడపబోయే చోట మిగతావాళ్లు ఏ టైరు వాడుతున్నారో అడిగి, అదే టైరును అతికించి వచ్చిన జతగా, మీ కారు ఆఫ్‌సెట్ చూసుకుని కొనండి. కుడి ఎడమలు గుర్తుపెట్టుకుని, ఎన్ని పరుగులయ్యాయో ఒక కాగితం మీద రాసుకోండి. కొత్త మోటారు కొనాలన్న ఆలోచనను మూడు జతల టైర్లు అరిగేదాకా వాయిదా వేయండి.