రాత్రిదురద – గజ్జిపురుగు చరిత్ర

పగలంతా ఆటలో మునిగి ఉండే పిల్లవాడు రాత్రి పక్కమీద వాలగానే వేళ్ళసందులు, మణికట్లు, నడుము గోక్కోవడం మొదలుపెడతాడు. వారం తిరిగేసరికి ఇంట్లో మరొకరికీ అదే బాధ. ఇట్లా కనబడితే అది గజ్జి కావచ్చునని మన పెద్దలు పసికడతారు. వేపాకు, పసుపు నూరి పూస్తారు. కానుగనూనెలో గంధకపు పొడి కలిపి పట్టిస్తారు. ఈ మందు ఎంత పాతదో గంధకానికి ఉన్న పేరే చెబుతుంది. సంస్కృతంలో దానిని ‘పామారి’ అన్నారు. పామ అంటే గజ్జివంటి చర్మవ్యాధి. అరి అంటే శత్రువు. మందు అంత ముందుగా తెలిసినా, వ్యాధికి కారణమేమిటో పండితులు అంగీకరించడానికి చాలాకాలం పట్టింది.

చంద్రగిరి కోట 1646లో గోలకొండ సుల్తానుల వశమైంది. ఆ గోలకొండ 1687లో ఔరంగజేబు చేతికి చిక్కింది. సరిగా ఆ 1687లోనే, ఇటలీలోని లివోర్నో రేవుపట్టణంలో బొనోమో అనే వైద్యుడు, చెస్తోనీ అనే మందుల వర్తకుడు కలిసి ఒక పరిశీలన చేశారు. గజ్జి పట్టిన పిల్లల చర్మంలోనుంచి పేదతల్లులు సూదిమొనతో ఏదో సన్నని తెల్లని చుక్కను బయటికి తీయడం వారికి తెలుసు. ఆ చుక్కను సూక్ష్మదర్శినికింద పెట్టి చూస్తే తాబేలు ఆకారంలో ఒక ప్రాణి కనిపించింది; దాని గుడ్డు కూడా కనిపించింది. ఈ పురుగే గజ్జికి కారణమనీ, ఒకరినుంచి ఒకరికి ప్రాకేది ఇదేననీ బొనోమో ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు రెడీకి లేఖ వ్రాశాడు.

కాని ఆనాటి వైద్యులు దీనిని నమ్మలేదు. శరీరంలోని రసాలు చెడితే గజ్జి పుడుతుందని గ్రంథాలు చెబుతుండగా, ఒక పురుగు మాట ఎవరికి కావాలి? ఆపైన 1812లో పారిస్‌లో గాలెస్ అనే యువకుడు గజ్జిపురుగును చూపానన్నాడు. అతడు చూపినది నిల్వ జున్నులో పట్టే వేరొక పురుగని తరువాత తేలడంతో అసలు పురుగుమీదనే అనుమానం పెరిగింది. చివరకు 1834లో కార్సికా ద్వీపంనుంచి వచ్చిన రెనూచీ అనే విద్యార్థి, తన ఊరి స్త్రీలవద్ద నేర్చిన విధంగా, పారిస్ ఆసుపత్రిలో అందరి ఎదుట సూదితో పురుగును తీసి చూపాడు. పేదతల్లుల సూదికి తెలిసిన సత్యం పండితుల గ్రంథాలలోకి చేరడానికి నూటనలభై ఏడేళ్ళు పట్టింది!

ఈ పురుగు సాలీడుకు దూరపు చుట్టం. ఎనిమిది కాళ్ళు కలది. పొడవు అర మిల్లీమీటరుకు లోపే. ఆడపురుగు చర్మపు పైపొరలో సొరంగం తొలిచి రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో కెన్నెత్ మెలన్బీ దీనిని శ్రద్ధగా పరిశోధించాడు. ఆయుధం పట్టమన్న యువకులు కొందరు తమ శరీరాలనే ఈ పరిశోధనకు ఒప్పగించారు. రోగి ఒంటిమీద ఉండే పెద్ద ఆడపురుగులు సగటున పదకొండే అని తేలింది. దుప్పట్లద్వారా గజ్జి సోకడం అరుదు. దేహాలు చాలాసేపు తగిలి ఉండటమే ముఖ్యకారణం. మొదటిసారి పురుగు చేరిన తరువాత దురద పుట్టడానికి సుమారు ఒక నెల పడుతుంది. ఎందుకంటే దురద పురుగు కాటువల్ల కాదు; పురుగు, దాని గుడ్లు, మలం మన దేహానికి సరిపడకపోవడంవల్ల. పక్కవెచ్చదనానికి ఆ దురద హెచ్చుతుంది. ధ్యాస మరలించే పని రాత్రివేళ ఉండదు.

కారణం తెలియడంవల్ల కలిగిన లాభం ఇదే: ఒక్కరికి పూసి ఊరుకుంటే ఎందుకు మళ్ళీ వస్తుందో ఇప్పుడు చెప్పగలం. దురద లేనివారిలో కూడా పురుగు ఉండవచ్చు. కనుక ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు వాడాలి. నేడు వైద్యులు ఇచ్చే పెర్మెత్రిన్ లేపనాన్ని పెద్దలు మెడనుంచి అరికాళ్ళదాకా పూసుకొని తెల్లవారిన తరువాత కడుక్కోవాలి; వారం రోజులకు మళ్ళీ పూయాలి. పసిపిల్లలకు, గర్భిణులకు వైద్యుని సలహా తప్పనిసరి. పురుగులు చచ్చినా దురద రెండు మూడు వారాలు నిలవవచ్చు. మందు పనిచేయలేదని భయపడనక్కరలేదు. నోటిద్వారా ఇచ్చే ఐవర్మెక్టిన్ కూడా ఉంది. దానికి దారితీసిన పరిశోధనకు 2015లో కాంప్‌బెల్, ఒమురాలకు నోబెల్ బహుమతి లభించింది.

గోకుళ్ళకు పడిన పుండ్లలో సూక్ష్మక్రిములు చేరితే ఒక్కొక్కప్పుడు మూత్రపిండాలకే ముప్పు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఏ సమయంలో చూసినా ప్రపంచంలో ఇరవై కోట్లమందికిపైగా దీనితో బాధపడుతున్నారని ఆ సంస్థ అంచనా.

గజ్జి మురికివారి జబ్బన్న మాట నిజం కాదు. రోజూ స్నానం చేసేవారికీ ఇది సోకుతుంది. ఇరుకుగదులలో ఒకే చాపమీద పడుకునే పిల్లలకు త్వరగా సోకుతుంది. తరగతిలో గోక్కుంటున్న పిల్లవానిని వెనుకబల్లకు పంపే ముందు ఉపాధ్యాయులు ఈ చరిత్రను ఒకసారి తలచుకోవాలి. ఆ పిల్లవానికి కావలసింది శిక్ష కాదు, ఇంటిల్లిపాదికీ మందు, కంటినిండా నిద్ర.